కల్పాక్కంలో గోడ ఒక్కటే చాలదు

వ్యాసర్పాడిలో పాత ఇంటిని పరీక్షించే మేస్త్రీ ముందు గోడ తట్టి చూస్తాడు. ఆ తరువాత నీటి పైపులూ, కరెంటు తీగలూ చూస్తాడు. అక్కడికి దక్షిణంగా 70-80 కిలోమీటర్ల దూరంలో, సముద్రతీరాన ఉన్న కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రాన్నీ అలాగే చూడాలి. దాని మొదటి యూనిట్ 1984లో, రెండవది 1986లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించాయి.

అక్కడ రియాక్టరు చుట్టూ బిగించిన ఉక్కు తీగల కాంక్రీటు గోడ, దాని వెలుపల రాతి గోడ ఉన్నాయి. బయటి దెబ్బను ఇవి కాచుకోవాలి. కాని రియాక్టరును ఆపినా ఇంధనం నివురుగప్పిన నిప్పే. ఆపిన క్షణంలో పూర్తి వేడిలో సుమారు 6 శాతం ఇంకా పుడుతూనే ఉంటుంది. కనుక నీరు, పంపు, కరెంటు ఆగకూడదు.

2004 డిసెంబరు 26న సునామీ నీరు కల్పాక్కం పంపుహౌసులోకి చొరబడింది. అప్పుడు నడుస్తున్న రెండవ యూనిట్‌ను క్షేమంగా ఆపగలిగారు. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే, నడుస్తున్న రియాక్టర్లు ఆగాయి. తరువాత వచ్చిన కెరటాలు డీజిల్ జనరేటర్లను ముంచాయి. చల్లబరిచే దారిలేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది.

వయసు మీదపడితే రేడియేషన్‌కు గొట్టాలు పెళుసెక్కుతాయి, ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పడుతుంది. కల్పాక్కంలో ఇంధనం ఉండే గొట్టాలను 2000 దశకంలో మార్చారు. కాంక్రీటు కట్టడాన్ని అలా మార్చలేం, పరీక్షిస్తూ కాపాడుకోవాలి.

అందుకే "గోడ ఎంత మందం?" అని అడిగి ఊరుకోకండి. "కరెంటు పోతే నీరెలా అందుతుంది?" అని కూడా అడగండి.