గడియారపు బొమ్మ - కంప్యూటరు టైమరు

హైదరాబాదు పాతబస్తీలోని సాలార్‌ జంగ్ మ్యూజియమునకు వెళ్ళినవారు అక్కడి సంగీత గడియారమును చూడక తిరిగి రారు. గంట కావచ్చినదనగా దాని ముందు జనము గుమికూడుదురు. గడ్డపు బొమ్మ యొకటి వెలుపలికి వచ్చి, ఎన్ని గంటలైనదో అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోవును. కమ్మరి బొమ్మ మాత్రము సెకనుకొక దెబ్బ వేయుచునే యుండును. మధ్యాహ్నము 12 గంటలకు గుంపు మరింత హెచ్చు. పన్నెండు దెబ్బలు వినవచ్చును గదా!

ఈ గడ్డపు మనిషి మాటిమాటికి తల బయట పెట్టి "వేళ అయినదా?" అని చూడడు. వేళ కాగానే గడియారమే అతనిని పిలుచును. కంప్యూటరులో టైమరు చేయునదియు ఇదియే. వేళకు పిలువుమని ముందుగా అప్పగించిన పనికి కాల్‌బ్యాక్ అని పేరు. జావాస్క్రిప్ట్ భాషలో సెట్ ఇంటర్వెల్ అను ఆజ్ఞకు ఆ పనిని, వ్యవధిని ఇచ్చిన చాలును. వ్యవధిని మిల్లీసెకనులలో చెప్పవలెను, గంటకు 36,00,000. ఆజ్ఞ మనకొక గుర్తు నిచ్చును. పని వద్దనుకొన్ననాడు ఆ గుర్తును క్లియర్ ఇంటర్వెల్ అను ఆజ్ఞకు చూపి ఆపించవచ్చును.

పిలుచునది ఎవరు? ఈవెంట్ లూప్ అను చక్రము. అది టైమరుల గడువులను చూచుకొని, అన్నిటికంటె ముందు వచ్చు గడువు వరకు నిదురించును. నడుమ ఎవరైన మీట నొక్కిన మేలుకొని ఆ పని చూచును. అయితే ఒకసారికి ఒక పనియే చేయును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మా విద్యార్థి యొకడు ప్రయోగశాలకు గంట కొట్టు ప్రోగ్రాము వ్రాసెను. పది సెకనులు గంట మ్రోగించి, పిదప ఒక గంటసేపు ఆగి, మరల మ్రోగించుట అతని పద్ధతి. చూచుటకు తప్పేమియు కనబడదు, నాకును కనబడలేదు. సోమవారము పది గంటలకు ప్రారంభించితిమి. ఒక్కొక్క మ్రోతకు పది సెకనుల ఆలస్యము చొప్పున రోజుకు నాలుగు నిమిషములు! శుక్రవారము ఉదయము పరీక్ష పదహారు నిమిషములు ఆలస్యముగా మొదలైనది. పైగా మ్రోగినంతసేపు మీట నొక్కినను ప్రోగ్రాము పలుకలేదు.

ఇట్టి చిక్కు గడియారములకును పాతదే. వెనుకటి గడియారములలో లెక్కచక్రము ఉండెడిది. పన్నెండు గంటలలో కొట్టవలసిన 78 దెబ్బలను అది వరుసగా అనుసరించును. ఒకసారి వరుస తప్పినచో, ఎవరైన సరిచేయువరకు తప్పుగానే కొట్టును. 1676లో ఎడ్వర్డ్ బార్లో కనిపెట్టిన పద్ధతిలో గంటల చక్రమునకు నత్తగుల్ల వంటి మెట్లబిళ్ళ యుండును. ప్రతిసారి ఒక మీట ఆ బిళ్ళపై వాలి, ఎన్ని దెబ్బలో కొత్తగా తెలిసికొనును. కనుక ఒక గంటలో జరిగిన పొరపాటు మరుసటి గంటకు అంటదు.

మేమును అట్లే చేసితిమి. పని ముగిసిన క్షణమునుండి గాక, మొదటి గంట కొట్టిన క్షణమునుండి లెక్కించి తరువాతి గడువును నిర్ణయించితిమి. గంటను మ్రోగించి చేతులు దులుపుకొని, పది సెకనుల తరువాత ఆపుటకు మరియొక టైమరును పెట్టితిమి. ఇప్పుడు చక్రమునకు తీరిక దొరికినది.

కంప్యూటరు మూడు గంటలు నిదురించి లేచినచో, తప్పిపోయిన మూడు గంటలను వరుసగా మ్రోగించవలెనా? అక్కరలేదు; రాబోవు గంటకు మ్రోగిన చాలును. కాని అదే టైమరు గంటకొక పద్దు వ్రాయునదైనచో ఆ మూడు పద్దులును వ్రాసి తీరవలెను.