ప్రజాకవిని ఇంగ్లీషులో ఏమంటరు?

ఇంటర్వ్యూలో మీ ఊరి గొప్ప మనిషి గురించి ఇంగ్లీషులో చెప్పమన్నరు అనుకోండి. మన వరంగల్ వాళ్లకు వెంటనే కాళోజీ నారాయణరావు గారు యాదికొస్తరు. ఆయన పుట్టినరోజు, సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం. మరి "ప్రజాకవి" అన్న మాట ఎట్లా చెప్పాలె?

"ద పీపుల్స్ పొయెట్". ఇట్లా మనిషి గుణాన్నో, పనినో చెప్పే పేరును ఇంగ్లీషులో "సోబ్రికే" అంటరు. స్పెల్లింగ్ చివర 'టి' ఉంటది కానీ పలకదు. చిన్నీ, బుజ్జి లాంటి ముద్దుపేర్లు ఇంట్లోవాళ్లకే తెలుస్తయి. ఇది మాత్రం జనం నోట్లో నిలిచిన పేరు.

వాడేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, ఇలాంటి పేర్లకు ముందు సాధారణంగా "ద" వస్తది. రెండు, ముఖ్యమైన పదాలన్నీ క్యాపిటల్ అక్షరంతో మొదలవ్వాలి. మూడు, మొదటిసారి అసలు పేరు కూడా చెప్పి, బిరుదుకు రెండు వైపులా కామా పెట్టాలి. ఉదాహరణకు: "సరోజినీ నాయుడు, ద నైటింగేల్ ఆఫ్ ఇండియా, వాజ్ బార్న్ ఇన్ హైదరాబాద్ ఇన్ 1879."

ఇక్కడే ఒక తమాషా ఉంది. తెలుగులో ఆమె "భారత కోకిల". నైటింగేల్ అంటే కోకిల కాదు, వేరే పిట్ట. కానీ మనకు తీయని గొంతు అనగానే కోకిల ఎట్లనో, ఇంగ్లీషు వాళ్లకు నైటింగేల్ అట్ల. పదం మారింది, భావం నిలిచింది. టంగుటూరి ప్రకాశం గారి "ఆంధ్రకేసరి" మాత్రం నేరుగా కుదురుతది: "ద లయన్ ఆఫ్ ఆంధ్ర". 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక నిరసనలో తుపాకులకు ఛాతీ చూపిన మనిషికి సింహం కంటే సరైన మాట ఏముంది?

అన్ని పేర్లూ ప్రేమతో రావు. 1976లో సోవియట్ సైనిక పత్రిక ఒకటి మార్గరెట్ థాచర్‌ను ఎగతాళిగా "ఐరన్ లేడీ" అన్నది. ఆమె దాన్నే గర్వంగా చెప్పుకున్నది. కానీ ఆ పేరును ఒప్పుకునే హక్కు ఆమెది, పెట్టినోళ్లది కాదు.

అందుకే చివరి మాట. ఫోన్‌లో దోస్తు నంబర్ "లావు సురేష్" అనో, "షార్టీ" అనో సేవ్ చేస్తం కదా? కొన్ని కాలర్ ఐడీ యాప్‌లు యూజర్ల కాంటాక్ట్ లిస్టుల నుంచే పేర్లు తీసుకుంటయి. మీరు పర్మిషన్ ఇస్తే, ఆ దోస్తు ఉద్యోగం కోసం ఫోన్ చేసినప్పుడు అవతలి స్క్రీన్ మీద అదే పేరు కనబడొచ్చు. సోబ్రికే మనిషి చేసిన పనిని చెప్తది, ఒళ్లును కాదు. ఆ పేరుతో అతన్ని స్టేజి మీదికి పిలవగలరా? పిలవలేకపోతే ఇప్పుడే కాంటాక్ట్స్ తెరిచి మార్చేయండి.

మీ జిల్లా వాళ్ల బిరుదు ఒకటి ఇంగ్లీషులో రాసి కామెంట్‌లో పెట్టండి. ఉంట మరి!