ఊరటనిచ్చే కుక్కపిల్లకు విమానంలో చోటుందా?

ఈ మధ్య మన సంఘ కుటుంబాలలోని ఒక తల్లి ఓ.పి.కి వచ్చారు. బి.పి. చూడడం, మందులు రాయడం అన్నీ అయ్యాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "డాక్టరమ్మ గారూ, మా అమ్మాయికి ఒక ఉత్తరం రాసివ్వాలండీ" అన్నారు.

అమ్మాయి అమెరికాలో చదువుకుంటోంది. వెళ్ళిన మొదటి సంవత్సరమే ఒంటరితనంతో నిద్ర పట్టక బాధపడింది. తరువాత ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. "దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే గుండెదడ తగ్గుతుందంటుందండీ" అన్నారు తల్లి. ఇప్పుడు సెలవులకు వేరే రాష్ట్రంలో ఉన్న అన్న ఇంటికి విమానంలో వెళ్ళాలి. ఆ కుక్క లేకపోతే తన మనసు నిలవదని డాక్టరు రాసిస్తే, చార్జీ లేకుండా పక్కనే కూర్చోబెట్టుకోవచ్చని స్నేహితులు చెప్పారట.

మేము ఆ ఉత్తరం రాయలేదు. ఆ తల్లి ముఖం చిన్నబోయింది. ఎందుకు రాయలేదో ఆమెకు చెప్పిన మాటలే ఇక్కడ మీ అందరికీ చెబుతున్నాము. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి గనుక ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

రెండు రకాల జంతువులు

కళ్ళు లేనివారిని రోడ్డు దాటించే కుక్కల గురించి మీరు వినే ఉంటారు. అమెరికాలో ఇలాంటి కుక్కలకు శిక్షణ ఇచ్చే 'ది సీయింగ్ ఐ' అనే సంస్థ 1929లో మొదలైంది. మూర్ఛ వచ్చినప్పుడు సహాయం తెచ్చే కుక్కలు, చెవులు వినపడనివారికి తలుపు చప్పుడు తెలియజేసే కుక్కలు కూడా ఉన్నాయి. యుద్ధంలో మనసు దెబ్బతిన్న సైనికులను పీడకల నుండి లేపే కుక్కలకూ శిక్షణ ఇస్తారు. వీటిని 'సర్వీస్ డాగ్' అంటారు. ఒక వ్యక్తి వైకల్యానికి తగిన ఒక పనిని ఇవి ప్రత్యేకంగా నేర్చుకొని ఉంటాయి.

రెండవ రకం 'ఎమోషనల్ సపోర్ట్ యానిమల్', అంటే మనసుకు ఊరటనిచ్చే జంతువు. దీనికి ప్రత్యేక శిక్షణ ఉండదు. అది దగ్గర ఉంటే చాలు, మనిషికి ధైర్యం కలుగుతుంది. కుక్క కావచ్చు, పిల్లి కావచ్చు, కుందేలు కావచ్చు.

అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. హోటళ్ళు, దుకాణాలు, ఆసుపత్రుల వంటి చోట్లకు శిక్షణ పొందిన కుక్కను తీసుకువెళ్ళే హక్కు ఈ చట్టం కింద ఉంది. ఊరట మాత్రమే ఇచ్చే జంతువుకు ఆ హక్కు లేదు. విమానాలకు మాత్రం 1986 నాటి వేరే చట్టం ఉంది. దాని కింద చాలా ఏళ్ళు ఊరటనిచ్చే జంతువులను కూడా ఉచితంగా ఎక్కనిచ్చారు. ప్రయాణికుడు మానసిక ఆరోగ్య నిపుణుని ఉత్తరం చూపిస్తే సరిపోయేది. చిక్కంతా ఆ ఉత్తరంతోనే వచ్చింది.

ఉత్తరం చౌక అయినప్పుడు

రోగిని చూడకుండానే, ఇంటర్నెట్‌లో నాలుగు ప్రశ్నలు అడిగి, డబ్బు తీసుకొని ఉత్తరం ఇచ్చేవారు పుట్టుకొచ్చారు. పెంపుడు జంతువుకు కట్టవలసిన చార్జీ తప్పించుకోవడానికి కొందరు ఆ దారి పట్టారు. 2018 జనవరిలో న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయానికి ఒకరు నెమలిని తీసుకొని వచ్చారు. అదే సంవత్సరం అక్టోబరులో ఆర్లాండోలో ఒకరు ఉడుతతో విమానం ఎక్కారు. విమాన సంస్థలు రెండింటినీ అనుమతించలేదు. లోకమంతా నవ్వుకుంది.

అయితే నవ్వుకోలేని సంగతులు కూడా జరిగాయి. 2017 జూన్‌లో అట్లాంటాలో బయలుదేరబోతున్న విమానంలో, పక్క ప్రయాణికుని ఒళ్ళో ఉన్న కుక్క ఒకరిని ముఖం మీద కరిచింది. ఆయనకు కుట్లు వేయవలసి వచ్చింది. ఆస్తమా ఉన్నవారు, బొచ్చు పడనివారు, కుక్కలంటే భయపడేవారు గంటల తరబడి పక్కసీటులో ఇబ్బంది పడ్డారు. శిక్షణ లేని కుక్కలు కళ్ళు లేనివారి కుక్కల మీదికి మొరిగి, ఎగబడి, వాటి పని చెడగొట్టాయి. అబద్ధపు ఉత్తరాలు ఎక్కువయ్యేకొద్దీ నిజమైన అవసరం ఉన్నవారిని కూడా అందరూ అనుమానంగా చూడసాగారు. అన్నిటికంటె పెద్ద నష్టం ఇదేనని మా అభిప్రాయం.

మరి ఆ ఊరట నిజం కాదా?

నిజమే. దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. 2019లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 249 మంది విద్యార్థులతో ఒక అధ్యయనం ప్రచురించారు. పది నిమిషాలు కుక్కలను, పిల్లులను నిమిరిన విద్యార్థుల లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిజాల్ అనే హార్మోను తగ్గింది. పల్లెలో ఆవుదూడ మెడ నిమురుతూ కూర్చునే పెద్దవారికి ఈ పరీక్ష అవసరం లేదు. వారికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

కానీ పది నిమిషాల ఊరట వేరు, జబ్బు నయం కావడం వేరు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోయి, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, మందులు ఉన్నాయి. కుక్క వాటికి తోడుగా ఉండవచ్చు గాని, వాటికి బదులు కాదు. ఆ అమ్మాయి ఇంతవరకు ఏ డాక్టరుకూ చూపించుకోలేదని తల్లితో మాట్లాడిన తరువాతే మాకు తెలిసింది. ఉత్తరం సంగతి కంటె మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది అదే.

ఇప్పటి నియమం

2020 డిసెంబరులో అమెరికా రవాణా శాఖ కొత్త నియమం ప్రకటించింది. 2021 జనవరి 11 నుండి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం విమానంలో సర్వీస్ జంతువు అంటే శిక్షణ పొందిన కుక్క మాత్రమే. మానసిక వ్యాధి ఉన్నవారికి శిక్షణ పొందిన కుక్కకు కూడా అదే హక్కు ఉంది. కుక్క ఆరోగ్యం, శిక్షణ, ప్రవర్తన గురించి ప్రయాణికుడు ప్రభుత్వ ఫారం నింపాలని విమాన సంస్థ అడగవచ్చు. తెలిసి అబద్ధం రాస్తే నేరమవుతుంది. ఊరటనిచ్చే జంతువును మామూలు పెంపుడు జంతువుగా లెక్కించి చార్జీ తీసుకోవచ్చు.

ఇక ఉత్తరాల సంగతి. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022 జనవరి 1 నుండి, ఊరటనిచ్చే కుక్క కోసం ఉత్తరం ఇచ్చే నిపుణుడు ఆ వ్యక్తిని కనీసం 30 రోజులుగా చూస్తూ ఉండాలి. ఇది మాకు సబబుగానే తోచింది. చూడని రోగికి మందు రాయనివారు ఉత్తరం మాత్రం ఎలా రాస్తారు? అద్దె ఇళ్ళకు వేరే చట్టం ఉంది. ఇల్లు తీసుకొనేముందు ఆ సంగతి విడిగా కనుక్కోవాలి.

మన కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

• పిల్లల దగ్గరకు ప్రయాణం చేసే పెద్దలకు ఆస్తమా ఉంటే ఇన్‌హేలరు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పక్కన కుక్క ఉంటే మొహమాటపడకుండా సీటు మార్చమని సిబ్బందిని అడగాలి.

• పనిలో ఉన్న సర్వీస్ డాగ్‌ను పిలవకూడదు, నిమరకూడదు, తిండి పెట్టకూడదు. దాని చూపు మళ్ళితే యజమానికి ప్రమాదం.

• ఏ కుక్క కరిచినా, ఎంత శుభ్రంగా కనిపించినా, పుండును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరును కలవాలి.

• ఇక్కడి కుక్కను అమెరికా తీసుకువెళ్ళాలనుకునేవారికి 2024 ఆగస్టు 1 నుండి నియమాలు కఠినమయ్యాయి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉంది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా రుజువులు ఉండాలి. నెలల ముందే ఏర్పాటు మొదలుపెట్టాలి.

• పిల్లలు ఫోనులో "బాగానే ఉన్నాను" అన్నా నిద్ర, తిండి గురించి విడిగా అడగండి. మనసు కుంగినవారికి అమెరికాలో 988, మన దేశంలో టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి.

ఆ తల్లి మళ్ళీ నెల చెకప్‌కు వచ్చారు. అమ్మాయి కాలేజీలోని కౌన్సిలరు దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టిందట. కుక్కపిల్ల చిన్నదే గనుక చార్జీ కట్టి, బుట్టలో పెట్టి, ముందుసీటు కింద ఉంచి తీసుకువెళ్ళిందట. "దారంతా చెయ్యి బుట్టమీదే పెట్టుకుని కూర్చుందంటండీ" అని నవ్వారు. ఆ రోజు ఆమె బి.పి. కూడా కాస్త తగ్గింది.