ఉస్మాన్‌గంజ్ మేడ మీద స్కాట్లండ్ రీల్

ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల కొట్టు ముందు బస్తాలు దించుతున్నారు. పై అంతస్తులో ఓ పాప ఫిడేలు సాధన చేస్తోంది. రామ్‌కోటి త్యాగరాజ సంగీత కళాశాలలో నేర్చుకుంటోందట. వాయిస్తున్నది ముత్తుస్వామి దీక్షితుల ‘జగదీశ గురుగుహ’. మాట సంస్కృతం, మట్టు స్కాట్లండ్‌ది. అక్కడ దాని పేరు ‘లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్’.

రీల్ అంటే వడిగా తిరుగుతూ ఆడే జానపదుల నాట్యం. దానికి వాయించే వరసకూ అదే పేరు. స్కై ద్వీపపు ప్రభువు సర్ అలెగ్జాండర్ మెక్‌డొనాల్డ్ 18వ శతాబ్దిలో దీన్ని కట్టాడని అక్కడి ఫిడేలు వాద్యకారుల నమ్మకం. ఆయనా ఫిడేలు వాయించేవాడు. ఇదే వరస అమెరికా పల్లెలకు చేరి ‘లెదర్ బ్రిచెస్’ అయింది, అంటే తోలు లాగు! ప్రభువు పేరు దారిలోనే రాలిపోయింది.

మనవైపు వచ్చిన దారి మద్రాసు. దీక్షితుల కుటుంబం ఆ ఊరి పక్కనే మణలిలో, మొదలియార్ల ఆదరణలో కొన్నాళ్లుంది. సెయింట్ జార్జి కోటలో కంపెనీ వారి బ్యాండు వినేవారు. తమ్ముడు బాలుస్వామి ఐరోపా వాద్యకారుడి దగ్గర ఫిడేలు నేర్చి, దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచాడు. అన్న ముత్తుస్వామి ఆ బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చాడు. ఇంగ్లీషు ‘నోటు’ నుంచే వాటికి నొట్టుస్వరాలన్న పేరు వచ్చింది.

పాశ్చాత్యుల మేజర్ స్కేలు, మన శంకరాభరణం ఆరోహణ అవరోహణలు ఒకటే. అందుకే మాట మట్టులో ఒదిగింది. అయితే వీటిలో శంకరాభరణ రాగం కోసం వెతికితే దొరకదు. గమకం లేదు, స్వరం ఊగదు, మెట్టు మీద మెట్టుగా నిలబడుతుంది. అది లోపమని నేననుకోను. కొత్తగా నేర్చే వేళ్లకు స్వరస్థానం కుదరడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంది?

సుబ్బరామ దీక్షితులూ అలాగే అనుకుని ఉంటారు. ఆయన బాలుస్వామికి మనవడు, దత్తపుత్రుడు. తెలుగు జమీందార్లు ఏలిన తమిళదేశపు ఎట్టయాపురంలో ఉండి, 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని, 1905లో ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను తెలుగులోనే అచ్చువేశారు. ఆ రెండో పుస్తకంలో, పిల్లల పాఠాల్లో, ముప్ఫైకి పైగా నొట్టుస్వరాలున్నాయి. మన లిపిలో అవి అలా నిలిచాయంటే నాకెంతో గర్వంగా ఉంటుంది.

పాప ఇప్పుడు రెండో కాలం అందుకుంది. ఇందాక స్తోత్రంలా నడిచిన వరస పరుగు తీస్తోంది. కింద బస్తా మోసేవాడి అడుగు దానికి సరిపోయింది.