రేడియేటరు పైపు పగిలితే

ట్రాక్టరో, జీపో, కారో నడిరోడ్డు మీద ఆగిపోయి, ముందు నుంచి తెల్లగా పొగ రావడం మీరు చూసే ఉంటారు. అది పొగ కాదు, ఆవిరి. చాలాసార్లు దానికి కారణం ఒక రబ్బరు పైపు.

ఇంజనులో డీజిలు మండుతుంది. ఆ వేడిలో కొంతే బండిని లాగుతుంది. మిగతా వేడి బయటికి పోవాలి. అందుకని ఇంజను చుట్టూ నీళ్లు తిరుగుతూ ఉంటాయి. కాగిన నీళ్లు పై పైపులో నుంచి రేడియేటరుకు వస్తాయి. అక్కడ గాలికి చల్లారి, కింది పైపులో నుంచి మళ్లీ ఇంజనులోకి పోతాయి. పైపు పగిలితే నీళ్లన్నీ కారిపోతాయి. అది చూసుకోకుండా నడిపితే ఇంజను పట్టేస్తుంది. పైపు కొనడానికి వందలు చాలు. ఇంజను బాగుచేయించాలంటే వేలకు వేలు. అప్పు తెచ్చి కొన్న బండి అయితే ఆ నెల కిస్తీ ఎక్కడి నుంచి తెస్తాం?

"బండి సంగతి ఆయన చూసుకుంటాడు, మాకెందుకు" అనకండి. పొద్దున్నే వాకిలి ఊడ్చేది ఎవరు? బండి కింద తడి ముందు కనబడేది మీకే. ఏసీ ఉన్న కారు కింద మంచినీళ్ల చుక్కలు పడటం మామూలే. కానీ పచ్చగానో, ఎర్రగానో, జిగటగా ఉంటే రేడియేటరు నీళ్లు కారుతున్నట్టే.

పైపును ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత అసలు తీయకూడదు. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తే ఏమవుతుంది? ఇదీ అంతే. సలసలా కాగే నీళ్లు ఎగజిమ్మి మొహం, చేతులు కాలిపోతాయి. ఇంజను కాగిపోయిందని దాని మీద చన్నీళ్లు కుమ్మరించడం కూడా తప్పే. ఇనుము పగులుతుంది.

ఇక పైపును వేళ్లతో నొక్కి చూడండి. వంకాయలు, బెండకాయలు ఏరుకునే చేతులకు ఇది ఇట్టే తెలుస్తుంది. మంచి పైపు నొక్కితే కొంచెం లొంగి మళ్లీ లేస్తుంది. మెత్తగా నానినట్టున్నా, కట్టెలా బిగుసుకున్నా, ఉబ్బినా, పగుళ్లున్నా మార్చాల్సిందే. క్లిప్పుల దగ్గర బాగా చూడండి. ఎక్కువగా చెడేది అక్కడే. తెల్లటి గార కనిపిస్తే నీళ్లు ఊరుతున్నాయన్నమాట. నూనె తగిలిన రబ్బరు త్వరగా పాడవుతుంది. నాలుగేళ్లు దాటిన పైపును పైకి బాగున్నా నమ్మలేం. అది లోపలి నుంచి కూడా చెడుతుంది.

మార్చేటప్పుడు మెకానిక్కు పక్కనే నిలబడి చూడండి. ముందు రేడియేటరు కింద బేసిను పెట్టి నీళ్లు దించాలి. క్లిప్పు వదులు చేయాలి. పైపు రాకపోతే గుంజకూడదు, రేడియేటరు మూతి విరుగుతుంది. పాత పైపును నిలువునా కోసి తీయాలి. మూతికి పట్టిన గార గీకి, అదే కొలత, అదే వంపు ఉన్న కొత్త పైపు తొడగాలి. క్లిప్పు ముందే పైపుకు ఎక్కించుకోవాలి. తర్వాత బిగించాలి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది.

బోరు నీళ్లు పోయించకండి. కాచిన గిన్నెకు పట్టినట్టే రేడియేటరులోనూ గార పడుతుంది. శుద్ధి చేసిన నీళ్లు, కూలెంటు కలిపి పోయాలి. ఇంజను కాసేపు నడిపి, పైపు చివరలు తడిగా ఉన్నాయేమో చూడాలి. చల్లారాక నీళ్లు తగ్గితే మళ్లీ నింపాలి.

బేసినులోకి దించిన పాత కూలెంటును వాకిట్లో వదలొద్దు. అది తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలు, కుక్కలు, మేకలు తాగితే ప్రాణం పోతుంది. వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టి, మెకానిక్కుకే ఇచ్చేయండి.