వారానికొక వ్యాసం: రాతకు ఒక ప్రణాళిక

సొంతంగా వ్యాసాలు రాయాలని చాలామంది ఉత్సాహంగా మొదలుపెడతారు. రోజూ రాయాలని నియమం పెట్టుకుంటారు. పరీక్షల్లో నాలుగు రోజులు తప్పగానే పూర్తిగా మానేస్తారు. లోపం తరచుగా పట్టుదలలో ఉండదు, లెక్కలో ఉంటుంది.

19వ శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖ ఉద్యోగి. ఉదయం 5.30కే కూర్చుని, గడియారం ఎదుట పెట్టుకుని, 15 నిమిషాలకు 250 పదాల చొప్పున రాసేవారు. వారానికి ఇన్ని పేజీలని ముందే నిర్ణయించుకునేవారు. సగటు 40 పేజీలు. ఒక్కోసారి 20, ఒక్కోసారి 112 కూడా. ఏ రోజు ఎంత రాసిందీ పట్టికలో నమోదు చేసేవారు. ఆయన 47 నవలలు రాశారు.

మనకు అంత వేగం అక్కరలేదు. ముందుగా 20 నిమిషాల్లో ఎన్ని పదాలు రాయగలరో మూడు రోజులు కొలవండి. సగటున 150 అనుకుందాం. సోమవారం విషయ సేకరణ, మంగళ, బుధవారాల్లో రాత, శుక్రవారం దిద్దుబాటు. వారాంతానికి 300 పదాల వ్యాసం సిద్ధం! గురు, శనివారాలను ఖాళీగా ఉంచండి. తప్పిన పనిని అప్పుడు పూర్తిచేయవచ్చు. పరీక్షల నెలలో రెండు వారాలకు ఒకటే అని ముందే రాసిపెట్టుకోండి. ముందుగా తగ్గించుకున్న పని ప్రణాళికలో భాగమే, వైఫల్యం కాదు.