సాఫ్ట్‌వేరు పరీక్షలు – సమాంతర విధానము

కంప్యూటరు తనంతట తాను మంచిచెడ్డలు ఎరుగదు. మానవుడు వ్రాసి యిచ్చిన ఆదేశముల వరుసను అది తప్పక పాటించును. ఆ వరుసయే ప్రోగ్రాము. వ్రాసిన వాడు పొరపాటు చేసినచో యంత్రము ఆ పొరపాటునే అతి వేగముగా నెరవేర్చును. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచ్ గయానాలోని కూరూ కేంద్రమునుండి బయలుదేరిన ఏరియన్ 5 రాకెట్టు సుమారు 40 సెకనులలో దారి తప్పి ముక్కలైనది. పూర్వపు ఏరియన్ 4 కొరకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును క్రొత్త రాకెట్టులోనూ ఉపయోగించిరి. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చు. ఆ వేగమునకు సంబంధించిన ఒక సంఖ్య కేటాయించిన 16 బిట్ల చోటులో పట్టలేదు. ఆ భాగమును క్రొత్త రాకెట్టు పయనించు మార్గమునకు అనుగుణముగా పరీక్షించి యుండినచో దోషము నేలమీదనే బయటపడగలిగి యుండెడిదని విచారణ సంఘము తేల్చినది.

ఇట్టి పరీక్షలను నేడు అధికభాగము మనుష్యులు కూర్చుండి చేయరు. వానిని కూడ ప్రోగ్రాములుగా వ్రాసి యంత్రమునకే అప్పగించుదురు. ఒక కళాశాల గ్రంథాలయము కొరకు విద్యార్థులు ప్రోగ్రాము వ్రాసిరనుకొందము. పుస్తకము ఎరువిచ్చినచో మిగిలిన ప్రతుల సంఖ్య ఒకటి తగ్గవలెను. ఇది ఒక పరీక్ష. గడువు దాటినచో జరిమానా సరిగా పడవలెను, ఇది మరియొకటి. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినను ఈ పరీక్షలన్నిటిని మరల నడుపుదురు. ఏ ఒక్కటి తప్పినను ఆ మార్పును ఆపి సరిచేయుదురు.

పరీక్షలు పదియో ఇరువదియో ఉన్నంత వరకు చిక్కు లేదు. అవి 600 అయినవనియు, ఒక్కొక్కదానికి సగటున 2 సెకనులు పట్టుననియు అనుకొందము. మొత్తము 1,200 సెకనులు, అనగా 20 నిమిషములు. వానికి ముందు ప్రోగ్రామును సిద్ధపరచుటకు మరి 2 నిమిషములు చేర్చినచో 22 నిమిషములగును. దినమునకు పదిమార్లు ఇంతసేపు వేచియుండు ఓపిక ఎవరికుండును? “సాయంత్రము ఒక్కసారి చూచుకొందము” అని మొదలై, “ఈ చిన్న మార్పునకు పరీక్ష ఎందుకు?” అనువరకు వచ్చును. నడుపని పరీక్ష వ్రాయని పరీక్షతో సమానము. కావున ఇచట వేగము కోరునది సుఖము కొరకు కాదు, పరీక్షల ప్రయోజనము నిలుచుట కొరకే.

దీనికి గల మార్గములలో ముఖ్యమైనది సమాంతర విధానము. నేటి సామాన్యమైన కంప్యూటరు ప్రాసెసరులో సైతము 4 గాని, 8 గాని కోర్లు, అనగా వేర్వేరుగా పనిచేయగల భాగములు ఉండును. పరీక్షలను ఒకదాని వెనుక ఒకటిగా నడిపినపుడు తరచుగా ఒక్క కోరు మాత్రమే శ్రమించును. తక్కినవి ఊరక యుండును. 600 పరీక్షలను 4 జట్లుగా విభజించి ఒక్కొక్క జట్టును ఒక్కొక్క కోరునకు అప్పగించినచో, 20 నిమిషముల పని 5 నిమిషములకు దిగును.

అట్లయిన కోర్లు పెంచుకొని పోయిన కొలది కాలము తగ్గుచునే యుండునా? ఉండదు. వలీమా విందుకు బిర్యానీ వండు చోటును తలచుకొందము. ఉల్లిపాయలు తరుగుటకు, బియ్యము కడుగుటకు, మాంసమునకు మసాలా పట్టించుటకు పదిమంది చేరినచో ఆ పనులు త్వరగా ముగియును. కాని డేగిసాకు మూత బిగించి దమ్ పెట్టిన తరువాత పదిమంది ఉన్నను, నూరుమంది ఉన్నను దాని సమయము దానికి పట్టవలసినదే. 1967లో జీన్ ఆమ్‌డాల్ అను అమెరికా కంప్యూటరు నిపుణుడు ఇదే విషయమును గణితరీత్యా చూపెను. పనిలో విభజింపరాని భాగము ఎంత కలదో, ఆ భాగమే వేగమునకు హద్దు. మన ఉదాహరణమున 2 నిమిషముల సన్నాహము విభజింపరానిది. కావున 4 కోర్లతో మొత్తము 7 నిమిషములు, 8 కోర్లతో నాలుగున్నర, 20 కోర్లతో 3 నిమిషములు పట్టును. ఎన్ని కోర్లు తెచ్చినను 2 నిమిషములకు లోపల ముగియదు. కోర్లు పెంచుటకు ముందు ఆ సన్నాహమును తగ్గించు ఉపాయము వెదకుట మేలు.

పంపకమున మరియొక సూక్ష్మము కలదు. ఒక్కొక్క నిమిషము పట్టు పరీక్షలు 6, ఆరు నిమిషములు పట్టునది 1 ఉన్నవనుకొందము. వానిని 2 కోర్లపై నడుపవలెను. చిన్నవానిని ముందు ముగించి పెద్దదానిని చివరకు ఉంచినచో 3 నిమిషముల పిమ్మట అది మొదలై మొత్తము 9 నిమిషములగును. పెద్దదానిని ముందే ఒక కోరునకు అప్పగించి చిన్నవానిని రెండవదానికి ఇచ్చినచో 6 నిమిషములలో రెండును ముగియును. యంత్రము అదియే, పరీక్షలు అవియే. వరుస ఒక్కటే మారినది. ఇట్లు దీర్ఘమైనవానిని ముందు పంచినచో, పట్టు కాలము అత్యుత్తమమైన పంపకమునకు పట్టు కాలమునకంటె మూడవ వంతుకు మించి పెరుగదని రొనాల్డ్ గ్రాహమ్ అను గణితవేత్త 1969లో నిరూపించెను.

అయితే అన్నిటికంటె పెద్ద చిక్కు పరీక్షల పరస్పర సంబంధమున ఉన్నది. మన గ్రంథాలయ ప్రోగ్రామునే చూతము. ఒక పుస్తకము ఒక్క ప్రతియే కలదు. మొదటి పరీక్ష ఆ ప్రతిని ఎరువిచ్చి, చివర తిరిగి చేర్చును. రెండవ పరీక్ష ఆ ప్రతి అల్మారాలో ఉన్నదా యని చూచును. ఒకదాని వెనుక ఒకటి నడచినపుడు రెండును నెగ్గును. రెండును ఒకేసారి నడచినపుడు, ప్రతి బయట ఉన్న క్షణమున రెండవ పరీక్ష చూచినచో తప్పును. తిరిగి వచ్చిన తరువాత చూచినచో నెగ్గును. ప్రోగ్రాము మారలేదు, ఫలితము మాత్రము మారుచున్నది. ఇట్టి నిలకడలేని పరీక్ష మిక్కిలి ప్రమాదకరము. “అది అప్పుడప్పుడు తప్పును, మరల నడుపుము” అను అలవాటు పడినచో, నిజమైన దోషము కనబడిన నాడు కూడ అట్లే త్రోసిపుచ్చుదురు.

దీనికి మందు ఒక్కటే: ప్రతి పరీక్షయు తన కాళ్లపై తాను నిలువవలెను. తనకు కావలసిన విద్యార్థిని, పుస్తకమును తానే సృష్టించుకొనవలెను. ఇతర పరీక్ష మిగిల్చిన దానిపై ఆధారపడరాదు. ఒక్కొక్క జట్టునకు వేరు డేటాబేసు, వేరు తాత్కాలిక ఫోల్డరు ఉండవలెను. 2019లో వెలువడిన రెయిల్స్ 6 అను సాధనము ప్రతి జట్టునకు ఒక ప్రత్యేక డేటాబేసును తానే సిద్ధపరచును. పైథాన్ భాషలోని పైటెస్ట్ సాధనమునకు ఎక్స్‌డిస్ట్ అను అనుబంధము చేర్చినచో పరీక్షలు వేర్వేరు ప్రాసెస్‌లలో నడచును. ఒకదాని మెమొరీని మరియొకటి తాకజాలదు. జావా భాషకు చెందిన జేయూనిట్ 5 మాత్రము కోరనిదే సమాంతరముగా నడుపదు. విడదీయ వీలులేని వస్తువును రెండు పరీక్షలు వాడుచున్నచో, వానిని ఒకేసారి నడువనీయక తాళము వేయు ఏర్పాటును కూడ అది కల్పించినది.

చివరి సంవత్సరపు ప్రాజెక్టులు చేయుచున్న మిత్రులకు మేము సూచించు క్రమము ఇది. మొదట ఏ పరీక్షకు ఎంత కాలము పట్టుచున్నదో కొలువుడు. తరువాత, సమాంతరముగా నడుపక ముందే, పరీక్షల వరుసను తారుమారు చేసి నడిపి చూడుడు. వరుస మారగానే తప్పిన పరీక్ష ఇతరులపై ఆధారపడియున్నదని తెలియవలెను. దానిని సరిదిద్దిన పిమ్మట 2 జట్లతో మొదలుపెట్టి, 4కు పెంచి, ప్రతిమారు కాలమును వ్రాసికొనుడు. కోర్ల సంఖ్యను మించి జట్లను పెంచినచో తరచుగా లాభముండదు. మెమొరీ చాలక నష్టము కూడ కలుగవచ్చును.

కళాశాల కమిటీవారికి సైతము ఇందు గ్రహింపదగినది కలదు. ప్రయోగశాలకు క్రొత్త యంత్రములు కావలెనని విద్యార్థులు అడిగినపుడు, ఉన్న యంత్రముల కోర్లన్నియు పనిచేయుచున్నవా యని ముందుగా ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు కొలతలతో బదులు చెప్పగల విద్యార్థి, యంత్రము వచ్చినను రాకున్నను, విద్యను సంపాదించినవాడే. పరీక్షల వ్యవధిని తగ్గించునది కోర్ల సంఖ్య మాత్రమే కాదు. ఒక పని మరియొక పనికి అడ్డురాకుండ వ్రాయు శ్రద్ధయే దానికి మూలము.